మేలు చేసేది యోగానా... వేడా?

యోగా మనకు కొత్త కాదు. గది తలుపులు మూసి, హీటర్లు పెట్టి, 40 డిగ్రీల వేడిలో గంటన్నర సేపు ఆసనాలు వేయడం మాత్రం కొత్తే. అమెరికాలో పేరు తెచ్చుకున్న ఈ ‘హాట్ యోగా’ ఇప్పుడు మన నగరాల జిమ్ముల దాకా వచ్చింది. బరువు తగ్గుతుందనీ, ఒంట్లోని విషాలన్నీ చెమటలో పోతాయనీ, ఒత్తిడి, దిగులు ఎగిరిపోతాయనీ ప్రచారం బాగానే సాగుతోంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటున్న పిల్లలు ‘మేం చేస్తున్నాం, చాలా బాగుంది, నువ్వూ మొదలుపెట్టమ్మా’ అని ఇక్కడున్న తల్లులకు ఫోన్లో చెబుతున్నారు. ఆ తల్లుల్లో చాలామందికి బీపీ ఉంటుంది. షుగరూ ఉంటుంది. వాళ్లు వచ్చి మమ్మల్ని అడుగుతున్నారు: ‘చేరమంటారా డాక్టర్ గారూ?’

నా జవాబు ముందే చెప్పేస్తాను. యోగా తప్పకుండా చేయండి. వేడి గది మాత్రం అందరికీ పడదు, అందరికీ అవసరమూ లేదు. హాట్ యోగాలో కనిపించే మేలులో ఎక్కువ భాగం యోగాది. అందులో ఉన్న ముప్పులో ఎక్కువ భాగం వేడిది. ఎందుకంటున్నానో వివరంగా చూద్దాం.

కోల్‌కతా నుంచి కాలిఫోర్నియాకు

హాట్ యోగాను ప్రపంచానికి పరిచయం చేసింది కోల్‌కతాకు చెందిన బిక్రమ్ చౌధురి. ఆయన గురువు బిష్ణు చరణ్ ఘోష్. ‘ఒక యోగి ఆత్మకథ’ రాసిన పరమహంస యోగానందకు ఈ ఘోష్ స్వయానా తమ్ముడు. 1970లలో అమెరికా చేరిన బిక్రమ్, గురువు దగ్గర నేర్చుకున్న వాటి నుంచి 26 ఆసనాలను, 2 శ్వాస వ్యాయామాలను ఒక వరుసలో పేర్చారు. తరగతి 90 నిమిషాలు. గది వేడి 105 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 40.5 డిగ్రీల సెల్సియస్. గాలిలో తేమ 40 శాతం. ఈ వరుస మీద కాపీరైట్ తనదేనని ఆయన వాదించారు. ఆరోగ్యం కోసం చేసే ఒక పద్ధతిని ఎవరూ సొంతం చేసుకోలేరని 2015లో అమెరికా అప్పీళ్ల కోర్టు తేల్చింది. ఇప్పుడు చాలా స్టూడియోలు ఎవరికి తోచిన వేడి వారు పెట్టి, ఎవరికి నచ్చిన ఆసనాలు వారు నేర్పుతూ అన్నింటినీ హాట్ యోగా అనే పిలుస్తున్నాయి. కాబట్టి ‘హాట్ యోగా మంచిదా?’ అని ఎవరైనా అడిగితే ముందు మనం అడగాల్సింది ‘ఎంత వేడి? ఎంత తేమ? ఎంతసేపు?’ అని.

ఇది మన ప్రాచీన పద్ధతేనని కొందరు చెబుతుంటారు. హఠయోగానికి ప్రామాణికమైన గ్రంథాల్లో ఒకటైన ఘేరండ సంహిత, యోగాభ్యాసం మొదలుపెట్టడానికి వసంత, శరదృతువులు మంచివంటుంది. గ్రీష్మంలో మొదలుపెట్టవద్దంటుంది. ఎండ ముదిరినప్పుడు సాధన మొదలుపెట్టవద్దన్న పెద్దల జాగ్రత్తలో ఒక వైద్యుడిగా నాకు మంచి తర్కమే కనిపిస్తుంది.

వేడి గదిలో ఒంటికి ఏమవుతుంది?

మన శరీరం లోపలి ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీలు. చర్మం దగ్గర అంతకన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ. చుట్టూ ఉన్న గాలి చర్మం కన్నా చల్లగా ఉంటే ఒంట్లోని వేడి దానంతటదే బయటికి పోతుంది. గది 40 డిగ్రీలుంటే లెక్క తిరగబడుతుంది. గాలిలోని వేడే ఒంట్లోకి వస్తుంది. దానికి తోడు ఆసనాలు వేస్తున్న కండరాలు పుట్టించే వేడి ఒకటి. అప్పుడు శరీరానికి మిగిలే దారి ఒక్కటే: చెమట ఆవిరి కావడం.

ఇక్కడొక మాట గమనించాలి. చల్లబరిచేది చెమట కారడం కాదు, ఆరడం. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో క్యాలరీల వేడిని తీసుకుపోతుంది. చాప మీద ధారగా కారిపోయిన చెమట ఏమీ చల్లబరచదు. నీరు పోతుంది, ఉప్పు పోతుంది, వేడి మాత్రం లోపలే ఉంటుంది. గాలిలో తేమ పెరిగేకొద్దీ, గాలి ఆడకపోయేకొద్దీ ఈ వృథా పెరుగుతుంది. ‘తడిసి ముద్దయ్యాను, బాగా పనిచేసింది’ అని సంబరపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంకోవైపు గుండె మీద భారం పడుతుంది. చల్లగా ఉన్నప్పుడు చర్మానికి నిమిషానికి అర లీటరు లోపే రక్తం అందుతుంది. తీవ్రమైన వేడిలో అది 6 లీటర్లకు పైగా కూడా పెరగగలదు. చర్మానికీ కండరాలకూ ఒకేసారి రక్తం పంపాలంటే గుండె వేగంగా కొట్టుకోవాల్సిందే. వేడి గదిలో నాడి దడదడలాడడానికి కారణం ఇదే. అదంతా వ్యాయామ ఫలమే అనుకుంటాం. అందులో కొంత కేవలం ఒంటిని చల్లబరచుకోవడానికి గుండె పడే పాటు.

అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎక్సర్‌సైజ్ తరఫున విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఒక పరిశీలన చేశారు. బిక్రమ్ పద్ధతి అలవాటున్న 20 మంది చేత ఉష్ణోగ్రతను కొలిచే చిన్న మాత్రను మింగించి 90 నిమిషాల తరగతి చేయించారు. ఏడుగురిలో లోపలి ఉష్ణోగ్రత 103 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటింది. ఒకరిలో 104 దాటింది. వీళ్లంతా ఆరోగ్యవంతులు, అలవాటు పడినవాళ్లు. 104 అంటే వడదెబ్బను అనుమానించడానికి మేం చూసే గీత. ఆ స్థాయికి చేరినవాళ్లందరికీ వడదెబ్బ తగులుతుందని కాదు. అయితే ఆ గీతకు అంత దగ్గరగా నిలబడడం వ్యాయామంలో భాగం కానక్కర్లేదు.

లాభాలు నిజమే... ఎవరి ఖాతాలో వేయాలి?

హాట్ యోగా చేసేవాళ్లకు మేలు జరగడం లేదని నేననను. ఒంటికాలి మీద నిలబడే పట్టు, కాళ్లలో బలం, నడుము వంగే తీరు మెరుగవుతాయి. నిద్ర బాగా పడుతుందని చాలామంది చెబుతారు. అయితే ఇవన్నీ మామూలు యోగాతోనూ వచ్చేవే. తేడా తెలియాలంటే ఒకే ఆసనాలను కొందరి చేత వేడిలో, కొందరి చేత మామూలు గదిలో చేయించి చూడాలి.

అలా చూసిన అధ్యయనం ఒకటుంది. టెక్సస్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పెద్దగా వ్యాయామం అలవాటు లేని 40-60 ఏళ్ల వాళ్లను తీసుకున్నారు. ఒక బృందం 40.5 డిగ్రీల గదిలో, ఇంకో బృందం 23 డిగ్రీల గదిలో, 12 వారాల పాటు వారానికి మూడుసార్లు అవే 26 ఆసనాలు వేశారు. మూడో బృందం ఏమీ చేయలేదు. రక్తనాళాలు ఎంత బాగా సాగుతున్నాయో స్కాన్‌తో కొలిచారు. 2018లో వచ్చిన ఫలితం ప్రకారం, రక్తనాళాల విషయంలో వేడి అదనంగా సాధించిందేమీ కనిపించలేదు. గుండె ఆరోగ్యం కోసం హాట్ యోగాలో చేరాలనుకునేవాళ్లు తెలుసుకోవాల్సిన మొదటి విషయం ఇది.

మరి ఫిన్లాండ్ వాళ్ల ఆవిరి స్నానాల మాటేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ 2,315 మంది మగవాళ్లను సుమారు 20 ఏళ్లు గమనించి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, సౌనా తరచూ చేసేవాళ్లలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. వేడికి అసలు మంచి గుణమే లేదని చెప్పలేం. కొద్దిరోజులు క్రమంగా వేడికి అలవాటు పడితే రక్తంలో నీటి భాగం పెరుగుతుంది, చెమట త్వరగా పడుతుంది, గుండె మీద భారం తగ్గుతుంది. కానీ సౌనాలో కూర్చునేది కొద్ది నిమిషాలు. కదలకుండా కూర్చుంటారు. బయటికొస్తే చలిదేశపు గాలి. హాట్ యోగాలో గంటన్నర, అదీ కష్టపడుతూ. బయటికొస్తే విజయవాడ ఎండ. రెండింటినీ ఒకే గాటన కట్టలేం.

మామూలు యోగాకు మాత్రం బలమైన ఆధారాలే ఉన్నాయి. ఎన్నాళ్లుగానో వేధించే నడుంనొప్పికి మందుల కన్నా ముందు ప్రయత్నించాల్సిన పద్ధతుల్లో యోగాను అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లోనే చేర్చింది. మన దేశంలో 24 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 3,959 మందితో ‘యోగా-కేర్’ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 2020లో ఫలితాలు వచ్చాయి. మరణాలు, మళ్లీ గుండెపోటు రావడం లాంటి వాటిలో స్పష్టమైన తేడా తేలలేదు. కానీ యోగా నేర్చుకున్నవాళ్లు గుండెపోటుకు ముందు చేసుకునే పనులకు తిరిగి మెరుగ్గా వెళ్లగలిగారు. వాళ్లెవరూ హీటర్ల మధ్య చేయలేదు.

మనసుకు మేలు

హాట్ యోగాకు అనుకూలంగా ఉన్న ఆధారాల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది డిప్రెషన్ గురించిన అధ్యయనం. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వైద్యులు 2023లో దీన్ని ప్రచురించారు. ఓ మోస్తరు నుంచి తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవాళ్లకు 8 వారాల పాటు 105 డిగ్రీల ఫారెన్‌హీట్ గదిలో 90 నిమిషాల తరగతులు పెట్టారు. లక్షణాలు సగానికి సగం లేదా అంతకన్నా ఎక్కువ తగ్గినవాళ్లు దాదాపు 59 శాతం. తరగతుల కోసం ఎదురుచూస్తూ ఉండిపోయినవాళ్లలో ఇది దాదాపు 6 శాతమే.

ఇది చిన్న విషయం కాదు. కానీ ఇక్కడ పోల్చింది ఏమీ చేయనివాళ్లతో. చల్లటి గదిలో యోగా చేసినవాళ్లతో పోల్చలేదు. క్రమం తప్పకుండా ఇల్లు కదిలి వెళ్లడం, నలుగురిని కలవడం, ఒకరు శ్రద్ధగా నేర్పడం, శ్వాస మీద మనసు నిలపడం, ఒళ్లు అలసి హాయిగా నిద్రపట్టడం... వీటన్నింటికీ మనసును తేలికపరిచే శక్తి ఉంది. ఇందులో వేడి వాటా ఎంతో ఆ అధ్యయనం విడదీసి చెప్పలేదు. పైగా అధ్యయనంలో వైద్యుల కన్ను ఉంటుంది. మన దగ్గర దిగులుతో బాధపడేవాళ్లు ఎవరికీ చెప్పకుండా మందులు ఆపేసి తరగతిలో చేరితే ఆ కన్ను ఉండదు. కొన్ని మానసిక వైద్యపు మందులు చెమటను తగ్గిస్తాయి. లిథియం వాడేవాళ్లలో ఒంట్లో నీరు తగ్గితే మందు విషంగా మారే ప్రమాదం ఉంది. డిప్రెషన్‌కు యోగా మంచి తోడు. చికిత్సకు బదులు కాదు.

ఒక క్లాసులో చూసింది

రోగులకు చెప్పేముందు చూడాలి కదా అని గత జనవరిలో నేనూ ఒక తరగతికి వెళ్లాను. నాకు బీపీ, షుగర్ లేవు. వెళ్లేముందు తూకం 74.2 కిలోలు. మధ్యలో అర లీటరు నీళ్లు తాగాను. అయ్యాక తూకం 73.1. అంటే కారిన చెమట దాదాపు 1.6 లీటర్లు. తగ్గింది కొవ్వా? కాదు. నీళ్లు, మజ్జిగ తాగి మామూలుగా భోంచేసి పడుకుంటే తెల్లారేసరికి మళ్లీ 74 కిలోలు.

హాట్ యోగా గంటన్నరలో వెయ్యి క్యాలరీలు కరిగిస్తుందన్న ప్రచారం ఉంది. కొలరాడో స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కొలిచి చూస్తే మగవాళ్లలో సుమారు 460, ఆడవాళ్లలో సుమారు 330 అని తేలింది. అంతసేపు చురుగ్గా నడిచినా దాదాపు అంతే ఖర్చవుతుంది. నడక మంచి వ్యాయామం. దాన్ని చిన్నచూపు చూడను. నడకతో వచ్చేదానికి వెయ్యి క్యాలరీల ధర కట్టవద్దని మాత్రమే అంటున్నాను.

చెమటలో విషాలు పోతాయన్న మాటా అంతే. చెమటలో ఉండేది నీరు, ఉప్పు, చాలా స్వల్పంగా ఇతర పదార్థాలు. ఒంట్లోని వ్యర్థాలను పంపే పని కాలేయానిది, మూత్రపిండాలది. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోస్తాయి. చెమట పేరుతో ఒంట్లో నీటిని బాగా తగ్గించేస్తే ఇబ్బంది పడేది ఆ మూత్రపిండాలే.

ఇంకో విషయం గమనించాను. నాలుగైదు ఆసనాలయ్యాక నా ఒళ్లు మామూలు కన్నా ఎక్కువ వంగింది. సంతోషమే. కానీ వేడిలో కండరాలు సాగుతాయి, నొప్పి ఆలస్యంగా తెలుస్తుంది. ‘ఇక చాలు’ అని ఒళ్లు చెప్పే మాట మనకు సరిగ్గా వినపడదు. కండరం సాగితే తిరిగి సర్దుకుంటుంది. కీళ్లను పట్టి ఉంచే లిగమెంట్లు హద్దు దాటి సాగితే అంత తేలిగ్గా సర్దుకోవు. మోకాళ్లు, తుంటి, నడుము నొప్పులతో ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది.

మన ఊళ్లు, మన ఎండలు

మంచు కురిసే ఊళ్లో వేడి గది అంటే సుఖం. ఒళ్లు బిగుసుకుపోయే చలిలో ఆ వెచ్చదనం ఆసనానికి సాయం చేస్తుంది. అక్కడి పిల్లలు బాగుందంటే నిజంగానే బాగుంటుంది. మనకు ఆ కొరత లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనుకునే నేల ఇది. రెంటచింతల, రామగుండం, ఖమ్మం లాంటి చోట్ల ఎండ 45 డిగ్రీలు తాకడం మనకు తెలుసు. విశాఖ, కాకినాడ తీరంలో ఎండ కొంచెం తక్కువైనా గాలిలో తేమ 70 శాతం దాటడం మామూలే. అలాంటి తేమలో చెమట ఆరదు. హీటర్ అక్కర్లేకుండానే మన పడమటి గదులు మే నెలలో వేడి స్టూడియోలు.

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యి మందికి పైగా వడగాడ్పులకు ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు వేసవి అంటే ఉపాధి హామీ పనుల నుంచి, భవన నిర్మాణం దగ్గర నుంచి, ఆటో స్టాండు నుంచి స్పృహ తప్పి వచ్చే మనుషులు. 40 డిగ్రీల్లో ఒంటిని కష్టపెడితే ఏమవుతుందో మాకు వాళ్లే నేర్పారు. వాళ్లకు నీడ దొరకక ఆ వేడిలో ఉన్నారు. డబ్బు కట్టి, తలుపు మూసుకుని, అదే వేడిని కోరి తెచ్చుకునేటప్పుడు కనీసం ఆ వేడి ఏం చేయగలదో తెలుసుకుని వెళ్లాలి. మార్చి నుంచి జూన్ దాకా మన రాష్ట్రాల్లో హాట్ యోగా తరగతులు ఆపేయడం మంచిదని నా అభిప్రాయం. పగలంతా ఎండలో తిరిగిన ఒంటికి సాయంత్రం మళ్లీ వేడి గది పెట్టడంలో అర్థం లేదు.

మాత్రలు వేసుకునేవాళ్లు జాగ్రత్త

నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది ఈ విషయమే. 58 ఏళ్ల ఆవిడ ఒకరు మూడో క్లాసులో కళ్లు తిరిగి పడిపోతే మా దగ్గరికి తీసుకొచ్చారు. బీపీ బాగా పడిపోయింది. మాట తడబడుతోంది. రక్తపరీక్షలో సోడియం తగ్గింది. ఆవిడ బీపీ మాత్రలో నీరు తీసే మందు కలిసి ఉంది. దానికి తోడు చెమటలో ఉప్పు పోయింది. నీళ్లు బాగా తాగమన్నారని సీసాల కొద్దీ ఉత్త నీళ్లు తాగారు. మూడూ కలిశాయి. రెండు రోజుల్లో కోలుకున్నారు. ‘నేను తప్పేం చేశాను డాక్టర్ గారూ, చెప్పినట్టే చేశాను కదా’ అన్నారు. ‘మీరేం తప్పు చేయలేదమ్మా. మీరు ఏ మాత్ర వేసుకుంటున్నారో అక్కడ ఎవరూ అడగలేదు’ అన్నాను. ఇప్పుడావిడ ఇంట్లో ఫ్యాన్ కింద రోజూ అరగంట యోగా చేస్తున్నారు.

బీపీ మాత్ర పేరు చివర ‘హెచ్’ లేదా ‘సీటీ’ అని ఉంటే చాలావరకు అందులో నీరు తీసే మందు కలిసి ఉందని అర్థం. ఒకసారి మీ మందుల అట్ట తీసి చూసుకోండి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్లు వాడేవాళ్లలో వేడికి తగ్గట్టు గుండె వేగం పెంచుకోలేదు. షుగర్‌కు వాడే డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి మూత్రంలో చక్కెరతో పాటు నీటినీ పంపేస్తాయి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకు ఒళ్లు వేడెక్కితే అది త్వరగా రక్తంలోకి చేరుతుంది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలతోనూ వ్యాయామంలో షుగర్ పడిపోవచ్చు. షుగర్ పడిపోయిందని మనకు చెప్పే గుర్తులేమిటి? చెమటలు, గుండెదడ, నీరసం. వేడి గదిలో అందరికీ ఉండేవీ అవే. ప్రమాద ఘంట మోగుతున్నా గుర్తించలేం.

ఈ జాబితా చదివి మందులు ఆపేయకండి. మానాల్సింది వేడి గదిని.

వీళ్లు వెళ్లకపోవడమే మంచిది

గర్భిణులు వేడి గదిలో యోగా చేయకూడదు. తొలి నెలల్లో తల్లి ఒంటి వేడి బాగా పెరిగితే బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడడంలో లోపాలు వచ్చే ముప్పు పెరుగుతుంది. అమెరికా ప్రసూతి వైద్య నిపుణుల సంఘం కూడా ఇదే చెబుతోంది. మామూలు గదిలో, గర్భిణుల కోసం నేర్పే యోగా అయితే మంచిదే.

గుండెజబ్బు, పక్షవాతం వచ్చినవాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, ఫిట్స్ ఉన్నవాళ్లు, మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్నవాళ్లు, గతంలో వడదెబ్బ తిన్నవాళ్లు, 60 దాటినవాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మేలు. జ్వరం, విరేచనాలు తగ్గి వారమైనా కానివాళ్లు, ముందురోజు రాత్రి మద్యం తాగినవాళ్లు ఆ రోజుకు మానుకోవాలి.

రక్తహీనత గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం దేశంలో 15-49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువున్నప్పుడు గుండె మామూలుగానే ఎక్కువ కొట్టుకుంటుంది. ఆపైన వేడి భారం పెడితే కళ్లు తిరగడం ఖాయం. చేరాలనుకునే ఆడపిల్లలు ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఆ పరీక్ష చేస్తారు.

అయినా వెళ్లాలనుకుంటే

ఆరోగ్యంగా, వయసులో ఉండి, సరదాగా ప్రయత్నిస్తామంటే నేను కాదనను. ఈ జాగ్రత్తలు తీసుకోండి.

• ముందు రెండు మూడు నెలలు మామూలు గదిలో ఆసనాలు సరిగ్గా నేర్చుకోండి. కొత్త ఆసనమూ కొత్త వేడీ ఒకేసారి వద్దు.

• మొదట 30-35 డిగ్రీల గదిలో, 20-30 నిమిషాలతో మొదలుపెట్టండి. శరీరం వేడికి అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది.

• తినగానే వెళ్లవద్దు. ఖాళీ కడుపుతోనూ వద్దు. రెండు గంటల ముందు తేలికగా తినండి.

• వెళ్లేముందూ వచ్చాకా తూకం చూసుకోండి. ఒంటి బరువులో 2 శాతం కన్నా ఎక్కువ తగ్గితే మీరు తాగింది చాలలేదని, లేదా తరగతి మీకు ఎక్కువైందని అర్థం.

• దాహాన్ని బట్టి కొద్దికొద్దిగా తాగండి. చెమట బాగా పడితే వచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ చాలు. ఓఆర్‌ఎస్ తాగితే ప్యాకెట్ మీద రాసిన కొలత నీళ్లలోనే కలపండి. మోతాదు మించి ఉత్త నీళ్లు తాగవద్దు.

• పడుకుని ఉన్నవాళ్లు ఒక్కసారిగా లేవవద్దు. పక్కకు తిరిగి, కూర్చుని, ఆ తర్వాత నిలబడండి.

• తల తిరగడం, వాంతి వచ్చేలా ఉండడం, తలనొప్పి, కాళ్లు పట్టేయడం, ఛాతీలో బరువు... వీటిలో ఏది అనిపించినా వెంటనే బయటికి వచ్చేయండి. ఆఖరి ఆసనం దాకా ఉండాల్సిన మొక్కేమీ లేదు.

ఎవరైనా పడిపోయి, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా దాన్ని వడదెబ్బగానే చూడాలి. చెమట పడుతున్నా సరే వడదెబ్బ కావచ్చు. వెంటనే బయటికి తెచ్చి 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా ఆగకుండా బట్టలు వదులు చేసి, ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూ విసరండి. మెడ, చంకలు, గజ్జల దగ్గర ఐసు పెట్టండి. పారాసిటమాల్ ఇందులో పనిచేయదు. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకండి. ఎంత త్వరగా చల్లబరిస్తే అంత మంచిది. ఇక్కడ ప్రతి నిమిషమూ లెక్కలోకి వస్తుంది.

స్టూడియోలు చేయాల్సిందేమిటి?

జాగ్రత్త అంతా వచ్చేవాళ్లదే అంటే సరిపోదు. గోడకు ఉష్ణోగ్రత, తేమ చూపించే మీటరు అందరికీ కనపడేలా పెట్టాలి. చేరేటప్పుడు సంతకం ఒక్కటే కాకుండా జబ్బులు, వాడుతున్న మందుల వివరాలు అడిగి రాసుకోవాలి. మొదటిసారి వచ్చినవాళ్లను తలుపు దగ్గర నిలబెట్టాలి. నేర్పేవాళ్లకు ప్రథమ చికిత్స, సీపీఆర్ వచ్చి ఉండాలి. కొన్నిచోట్ల మధ్యలో నీళ్లు తాగడాన్ని, గది విడిచి వెళ్లడాన్ని పట్టుదల లేకపోవడంగా చూస్తారు. ఈ ధోరణి ప్రమాదకరం. అలాంటి చోటు కనిపిస్తే ఎంత పేరున్న స్టూడియో అయినా మానేయండి. వేడి గది నడిపేవాళ్లకు ఈ కనీస నిబంధనలు తప్పనిసరి చేయాల్సిన అవసరం ఉందని నా అభిప్రాయం.

మరేం చేద్దాం?

తెల్లవారుజామున డాబా మీదో, కిటికీలు తెరిచిన గదిలోనో రోజుకు 30-40 నిమిషాలు, వారానికి ఐదు రోజులు యోగా చేయండి. తాడాసనం, వృక్షాసనం, త్రికోణాసనం, భుజంగాసనం, సేతుబంధాసనం, పవనముక్తాసనం, చివర పది నిమిషాలు శవాసనం. చేతనైనన్ని సూర్య నమస్కారాలు. శ్వాసను బిగబట్టకండి. బీపీ అదుపులో లేనివాళ్లు, గ్లాకోమా ఉన్నవాళ్లు తలకిందుల ఆసనాలు వేయవద్దు. మొదట్లో కొన్ని వారాలైనా తెలిసినవారి దగ్గర నేర్చుకోండి. యోగాకు తోడు చురుకైన నడక కూడా ఉండాలి. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

చెమట పట్టకపోయినా బెంగపడకండి. మూడు నెలల తర్వాత మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, కింద కూర్చుని పట్టు లేకుండా లేవగలుగుతున్నారా, రాత్రి నిద్ర పడుతోందా, బీపీ రీడింగు ఎలా ఉంది... ఇవి చూసుకోండి. యోగా పనిచేస్తోందో లేదో చెప్పే గుర్తులు ఇవే. మీ పిల్లలు విదేశం నుంచి మళ్లీ ఫోన్ చేసి హాట్ యోగా సంగతి అడిగితే, ‘యోగా చేస్తున్నాం నాన్నా, ఫ్యాన్ వేసుకుని’ అని నిశ్చింతగా చెప్పండి.